పిల్లలు ముందు ఎవరికి చెబుతారు?

జిల్లా పరిషత్ హైస్కూల్లో హెచ్ఎం గది ఉంటుంది. స్టాఫ్ రూము ఉంటుంది. ల్యాబ్ అని బోర్డు పెట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంచే గది ఒకటి ఉంటుంది. కౌన్సెలర్ కూర్చునే గది మాత్రం ఎక్కడో తప్ప కనబడదు. ఈ ఆలోచన మనకు కొత్తదేం కాదు. హైస్కూలు పిల్లలకు దారి చూపడానికి శిక్షణ పొందినవాళ్లు ఉండాలని 1952-53లో మొదలియార్ కమిషన్ చెప్పింది. 1964-66లో కొఠారీ కమిషన్ మళ్లీ చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్లలో ఆ పని ఎవరు చేస్తున్నారంటే హాజరు పట్టీ పట్టుకున్న క్లాస్ టీచరు, పీఈటీ సారు, మధ్యాహ్న భోజనం వడ్డించే ఆయమ్మ, ఇంట్లో పిన్నో మేనత్తో. పిల్లలకు ఎవరి మీద గురి కుదిరితే వాళ్లే కౌన్సెలర్.

ఈ అధ్యాయం వాళ్ల కోసం. పిల్లవాడు మొదట నోరు విప్పేది ఎవరి దగ్గరో వాళ్ల కోసం. ముందే ఒక మాట: ఆ మనిషి సమస్య తీర్చాల్సిన పని లేదు. తీర్చేద్దామన్న తొందరే అసలు చిక్కు. చెప్పేదాకా ఆగాలి, చెప్పింది సరిగ్గా పట్టుకోవాలి, ఆ తర్వాత చేరాల్సిన చోటికి చేర్చాలి. సలహాలు ఇవ్వడానికి ఊళ్లో మనుషులు ఎప్పుడూ ఉంటారు.

చెప్పకముందే కనబడేవి

హైస్కూలు వయసు పిల్లలు "నాకు కష్టంగా ఉంది" అని వచ్చి చెప్పరు. ఆ సంగతి హాజరు పట్టీ చెబుతుంది. ఏ టీచరైనా మూడు నెలల పట్టీ తిప్పి, ఒక్కో పేరు పక్కన గైర్హాజరు ఎలా పడిందో చూస్తే చాలు. ప్రతి సోమవారం రాని పిల్లవాడికి, ఆదివారం సాయంత్రం ఇంట్లో ఏదో జరుగుతూ ఉండవచ్చు. నెలకు మూడు నాలుగు రోజులు వరసగా రాని అమ్మాయి చదువు మీద ఆసక్తి లేక మానడం లేదు. బళ్లో మరుగుదొడ్డికి గడియ లేదేమో, నీళ్లు రావేమో, వాడిన ప్యాడ్ వేయడానికి చోటు లేదేమో. అలాంటి అమ్మాయికి ధైర్యవచనాలు ఏం చేస్తాయి? అక్కడ కౌన్సెలింగ్ అంటే తలుపుకు గడియ పెట్టించడం.

మూడో బెంచీలో కూర్చుని బోర్డు వైపు చూడకుండా పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తూ రాసుకునే పిల్లవాణ్ణి గమనించండి. "వీడికి ధ్యాస లేదు" అని మూడేళ్లు వరసగా ప్రోగ్రెస్ కార్డులో రాసి ఉంటారు. బోర్డు మీద ఒక లైను రాసి, వాడి చోటు నుంచే చదవమనండి. చదవలేకపోతే ముందుకు పిలిచి మళ్లీ చదివించండి. అక్కడ గడగడా చదివేస్తే తేడా వాడి కళ్లలో ఉంది, బుద్ధిలో కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం ఇలాంటివి చూడటానికే వస్తుంది. వాళ్లొచ్చే రోజున ఆ పిల్లవాడు గైర్హాజరు కాకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. చెవుల సంగతీ ఇంతే. పిలిస్తే పలకడన్న పేరున్న పిల్లలను ఒకసారి వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి.

తెలివిగా మాట్లాడుతూ, లెక్కలు నోటితో చెప్పేస్తూ, రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారు చేసే పిల్లలు మరో రకం. బద్ధకం అని కొట్టిపారేయకండి. అది డిస్లెక్సియా కావచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ వంటి వెసులుబాట్లు అడగవచ్చు. పదో తరగతి ఫీజు కట్టే వేళకు మేలుకుంటే మాత్రం కాగితాలు అందవు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మొదలుపెట్టాలి.

వీటిని ముందు ఎందుకు చెబుతున్నానంటే, మనసు సంగతి అనుకున్నవి చాలావరకు కంటి సంగతో, కడుపు సంగతో, బస్సు సంగతో అయి ఉంటాయి. ఇవన్నీ చూశాకే మనసు దగ్గరికి వెళ్లాలి.

మాట మొదలుపెట్టడం

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. నిరుడు చురుగ్గా ఉండేవాడు, అర్ధసంవత్సర పరీక్షల్లో మార్కులు సగానికి పడిపోయాయి. క్లాసులో తల బెంచీకి ఆనించి కూర్చుంటాడు. మామూలుగా ఏం జరుగుతుంది? టీచరు అందరి ముందు లేపి "ఏరా, ఏమైంది నీకు? ఇంట్లో ఏమైనా గొడవా?" అంటారు. నలభై మంది తలలు తిప్పి చూస్తారు. వాడు "ఏం లేదు సార్" అంటాడు. ఇంకేమంటాడు! ఆ మాటతో తలుపు మూసుకుంటుంది. మళ్లీ తెరిపించడానికి నెలలు పట్టవచ్చు.

ఇంకోలా చేసి చూడండి. ఇంటర్వెల్‌లో నోట్సుల కట్ట వాడి చేతికిచ్చి స్టాఫ్ రూముదాకా తోడు రమ్మనండి. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగితే బిగుసుకుపోయే పిల్లలు పక్కపక్కన నడుస్తుంటే మాట్లాడతారు. చేతిలో పని ఉంటే నోరు తేలికవుతుంది. బట్టలు మడతపెడుతూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ మన ఇళ్లలో ఆడవాళ్లు ఎన్ని సంగతులు చెప్పుకోలేదు!

"ఈమధ్య నిద్ర సరిగ్గా పడుతున్నట్టు లేదే?"

"పడుతుంది సార్."

"ఎన్నింటికి పడుకుంటావు?"

"పదకొండు... పన్నెండు."

"చదువుతూనా?"

"లేదు సార్. అమ్మకి బాగోలేదు. పాలు పిండి కేంద్రంలో పోసి రావాలి పొద్దున్నే."

ఇక్కడ టీచరు నాలుక చివర రెండు వాక్యాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి "అయ్యో, ముందే చెప్పొచ్చు కదరా!" ఇది నింద. రెండోది "అమ్మకి తగ్గిపోతుందిలే, నువ్వు చదువు మీద దృష్టి పెట్టు." ఇది మాటను మూసేయడం. రెండూ మింగేసి, వాడు చెప్పిందే వాడికి తిరిగి చెప్పండి.

"అయితే రాత్రి అమ్మను చూసుకుని, పొద్దున్నే పాలకేంద్రానికి నువ్వే వెళ్తున్నావన్నమాట."

"ఊఁ. నాన్న మస్కట్‌లో ఉన్నాడు సార్."

చూశారా, అడగకుండానే నాన్న వచ్చాడు. విన్నారని తెలిస్తే పిల్లలు ఒక మెట్టు లోపలికి తీసుకెళ్తారు. అలా రెండు మూడు మెట్లు దిగాక అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇందులో నీకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఏది?" మనం పాలకేంద్రం అనుకుంటాం. వాడు "అమ్మ రాత్రిపూట ఏడుస్తుంది సార్" అనవచ్చు. "నోట్సు పూర్తి కాలేదని చేతి మీద కొట్టారు, అందుకే సోషల్ పీరియడ్‌కు రాలేదు" అనవచ్చు. రెంటికీ వేర్వేరు దారులు. మొదటిదానికి వాళ్లమ్మను ఏరియా ఆసుపత్రికి చేర్చే పెద్దదిక్కు కావాలి. రెండోదానికి స్టాఫ్ రూములోనే, ఆ తోటి టీచరుతోనే మాట్లాడుకోవాలి. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఆ సంగతి అందరికీ తెలుసు. బెత్తాలు కొన్ని బీరువాలో ఇంకా ఉన్న సంగతీ అందరికీ తెలుసు.

"మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో తెలుసా?"

ఈ వాక్యం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లే దీన్ని ఎక్కువగా వాడతారు. తెలుసు. పిల్లలకు తెలుసు. ఎంత వడ్డీకి తెచ్చారో, ఏ పొలం తాకట్టు పెట్టారో, అక్క పెళ్లి ఎందుకు ఆగిందో అన్నీ తెలుసు. తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసే నలిగిపోతున్నారు. ఎంపీసీలో చేరి మొదటి నెలలోనే తనకు ఫిజిక్స్ ఎక్కడం లేదని తెలిసిన పిల్ల, ఆ మాట ఇంట్లో చెప్పకుండా రెండేళ్లు మోస్తుంది. కట్టిన ఫీజు తిరిగి రాదని దానికి తెలుసు కాబట్టి. అలాంటి పిల్లకు నాన్న కష్టం మరోసారి గుర్తుచేస్తే ఏమవుతుంది? చెప్పాలనుకున్న ఆ ఒక్క మాటా గొంతులోనే ఆగిపోతుంది.

దాని బదులు "ఫీజు సంగతి పెద్దవాళ్లం చూసుకుంటాం, నీ సంగతి చెప్పు" అని అనగలిగితే చాలు. అన్నాక నిలబడాలి సుమా. గ్రూపు మార్చుకోవడం పరువు తక్కువ పని కాదు. పది తర్వాత పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది, ఎంఈసీ, సీఈసీ ఉన్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటాయి. మధ్యలో చదువు ఆపేసినవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది. ఇవి పిల్లకు చెప్పేముందు ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి తమలో తాము చర్చించుకుంటే మంచిది. పిల్ల ముందే మాటామాటా పెరిగితే, ఆ గొడవ తన వల్లే అని నెత్తిన వేసుకుంటుంది.

ఒట్టు పెట్టించుకుంటే

"ఎవరికీ చెప్పనని ఒట్టేయండి, అప్పుడే చెబుతాను." ఈ మాట వినబడగానే చాలామంది చేయి చాపేస్తారు. వేయకండి. ఆ తర్వాత బయటపడేది, ఎవరో పెద్దమనిషి ఒంటిమీద చేయి వేస్తున్నాడన్న సంగతి కావచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలియజేయకపోతే అదీ నేరమే. బడి పరువు, ఇంటి పరువు అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఒట్టు వేసి తప్పితే ఆ పిల్ల ఇక జన్మలో ఏ పెద్దమనిషినీ నమ్మదు.

నిలబెట్టుకోగలిగిన మాట వేరే ఉంది: "నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను. నీకు ప్రమాదం ఉంటే మాత్రం చెప్పక తప్పదు. అప్పుడు కూడా ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను." ఇంత పొడుగు మాట పిల్లలకు అర్థం కాదనుకోకండి. ఖాళీ ఒట్టుకీ దీనికీ తేడా వాళ్లకు మనకంటే బాగా తెలుస్తుంది. ఒంటిమీద చేయి వేసిన సంగతైతే గుచ్చి గుచ్చి అడగవద్దు. ఏం జరిగిందో వివరంగా రాబట్టడం మన పని కాదు, ఒక్కో కొత్త మనిషి అడిగినప్పుడల్లా పిల్ల మళ్లీ ఆ నరకంలోకే వెళ్తుంది. "నువ్వు చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు" అని చెప్పి, 1098 చైల్డ్ హెల్ప్‌లైనుకు ఫోను చేయండి.

ఇక మిగతా సంగతులు, ఎవరో ప్రేమలేఖ ఇచ్చాడనో, మీసం రాలేదని ఏడిపిస్తున్నారనో, అవి స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు కావు. ఒకసారి బయటికి పొక్కితే ఆ బళ్లో ఏ పిల్లా ఆ టీచరుకు ఇంకేమీ చెప్పదు.

"చచ్చిపోవాలనిపిస్తుంది" అంటే

చాలామంది ఈ మాట నేరుగా అనరు. "నేను లేకపోతే అందరికీ హాయి" అంటారు. ఇష్టంగా దాచుకున్న వాచీ స్నేహితుడికి ఇచ్చేస్తారు. వారాల తరబడి దిగులుగా ఉన్నవాళ్లు హఠాత్తుగా కుదుటపడ్డట్టు కనిపించినా ఒక కన్ను వేయాలి. అనుమానం వస్తే తిన్నగా అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు భయం. అలా పుట్టదు. అడిగినవాళ్లు దొరికారన్న ఊరటే ఎక్కువ.

అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు, ఇంటికి కూడా ఒంటరిగా పంపకూడదు. ఉపన్యాసం వద్దు. పాపం అనీ పిరికితనం అనీ అస్సలు వద్దు. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఉంటే తాళం వేయమని, వీలైతే ఇంటి నుంచే తీసేయమని పెద్దవాళ్లకు చెప్పాలి. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు కాగితం మీద రాసి చేతిలో పెట్టి "మాట్లాడు" అని పంపేయకండి. పక్కన కూర్చుని, మీ ఫోనులోంచి మీరే కలిపి ఇవ్వండి. ఆ తర్వాత డాక్టరు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉన్నాయి. ఆ పేర్లు వింటేనే జంకే తల్లిదండ్రులతో "నిద్ర పట్టడం లేదు కదా, దానికి డాక్టరుకు చూపిద్దాం" అంటే బయల్దేరతారు. అది అబద్ధమూ కాదు.

హాస్టల్ గోడ అవతల

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దేశమంతటా బళ్లకు, కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం మానుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి.

కాబట్టి అడ్మిషన్ రోజున ఏసీ ఉందా, మెనూ ఏమిటి అని అడిగే తల్లిదండ్రులు మరో రెండు ప్రశ్నలు కలుపుకోవచ్చు. మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు? ప్రిన్సిపాల్‌కు తెలియకుండా పిల్లలు వాళ్లను కలవగలరా? రెండోదే అసలు ప్రశ్న. ప్రిన్సిపాల్ గది గుండా వెళ్లాల్సిన చోట కౌన్సెలర్ కూర్చుంటే, అక్కడికి ఏ పిల్లా వెళ్లదు. ఫీజు బకాయిలకు ఫోన్లు చేసే ఉద్యోగికే కౌన్సెలర్ అని పేరు పెట్టిన చోట్లూ ఉన్నాయి, అదీ చూసుకోవాలి.

మన చేతుల్లో ఉన్నది ఆదివారం ఫోను. వారమంతా ఎదురుచూసిన ఆ పది నిమిషాల్లో మొదటి ప్రశ్న "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" అయితే పిల్లలు దానికే జవాబిచ్చి పెట్టేస్తారు. "ఏం తిన్నావు, పక్క మంచం అమ్మాయి ఎలా ఉంది, తలనొప్పి తగ్గిందా" అని మొదలుపెట్టండి. మార్కుల మెసేజీ ఎలాగూ మీ ఫోనుకు వస్తుంది. "నాన్నా, ఇంటికి వచ్చేస్తా" అని మూడు వారాలు వరసగా అంటే, అలవాటు పడతావులే అనకండి. వెళ్లి చూడండి. గది చూడండి, ఒళ్లు చూడండి, స్నేహితులతో మాట్లాడండి.

ఫలితాల వారం

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం నిర్ణయించింది. మొదటి రోజు తెర మీద కనిపించిన అంకె ఆఖరి మాట కాదని అంతకంటే బాధాకరంగా ఎవరూ చెప్పలేరు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. నెల, నెలన్నర తిరక్కుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. వాటిలో పాసైతే ఏడాది పోదు. ఈ సంగతులు ఫలితాలొచ్చాక ఏడుస్తున్న పిల్లకు చెబితే చెవికెక్కవు. పది రోజుల ముందే, అన్నం తింటూ మామూలుగా చెప్పాలి. ఫలితాల రోజున ఇంట్లో ఒక పెద్ద మనిషి సెలవు పెట్టి ఉండాలి. బంధువుల ఫోన్లు పిల్ల చేతికి ఇవ్వకూడదు. "ఎన్నొచ్చాయి?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పే పని మీదే.

డబ్బు కూడా మందే

బడి మానేద్దామనుకునే పిల్లల్లో కొందరికి కావలసింది ఓదార్పు కంటే ముందు ఒక దరఖాస్తు. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదువుతూ రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఆఖరి తేదీనాడు దొరకవు. బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోతుంది. ఆ అక్షరం సరిచేయించడానికి పిల్లవాడితో మీసేవకు వెళ్లే టీచరు, నా దృష్టిలో, నూటికి నూరుపాళ్లు కౌన్సెలరే.

చెప్పించుకున్నవాళ్ల సంగతి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పేర్లు వద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు చాలు. ఏ రోజు ఏం చెప్పింది, నేనేం మాటిచ్చాను, మళ్లీ ఎప్పుడు అడగాలి. మాట్లాడిన మరునాడు ఆ పిల్ల మీ ముఖం చూడటానికి సిగ్గుపడుతుంది, అంతా చెప్పేశానే అని. అప్పుడు మీరే "హోంవర్క్ తెచ్చావా?" అని మామూలుగా పలకరించండి. వారం తర్వాత విడిగా "ఆ సంగతి ఎలా ఉంది?" అని అడగండి. చాలామంది ఇది చేయరు. మొదటి రోజు గంటసేపు విని, మళ్లీ అడగకపోతే మరిచిపోయారనే అనుకుంటారు పిల్లలు.

విన్నవి మీతో ఇంటికి వస్తాయి. రాత్రి నిద్ర పట్టనివ్వవు. పక్క మనిషితో చెప్పుకోలేరు, మాటిచ్చారు కదా. 14416 పిల్లలకు మాత్రమే కాదు. పేరు, ఊరు చెప్పకుండా "మా క్లాసులో ఒక పిల్ల నిన్న ఇలా అంది, రేపు పొద్దున నేనేం చేయాలి?" అని టీచరు కూడా అడగవచ్చు, తల్లి కూడా అడగవచ్చు. పొద్దున ప్రార్థన గంట కొట్టేలోగా ఏం చేయాలో వాళ్లతో మాట్లాడి తేల్చుకోవచ్చు.